దూడకు వదిలిన ఆఖరి ధారలు

సత్తెనపల్లి, 9-8-1999

చెల్లెమ్మా వెంకటరావమ్మా, నేను కులాసా, నువ్వు దిగులుపడకు.

పాలలో వెన్న తగ్గితే నీళ్లు కలిపావని మీ ఊరి పాలకేంద్రంవాడు నలుగురిలో అంటాడా? పాలే పోయించుకోనంటాడా? ఆడమనిషి కష్టం తాగుతూ ఆమెనే దొంగంటారా! ఇక్కడి పాల ఆఫీసులో బల్ల గుద్ది అడిగాను. పరీక్షలు చేసే జహీరున్నీసా గారు నవ్వి, "అరవకండి సార్. మీ చెల్లెలు ఆఖరి ధారలు దూడకు వదిలేస్తుందా?" అన్నారు. వెన్న ఎక్కువగా వాటిలోనే ఉంటుందట. చిన్నప్పటి నుంచీ నీకదే అలవాటు కదమ్మా!

ఇకనుంచి దూడను ముందు తాగనిచ్చి, ఆఖరు దాకా నువ్వు పితుకు. ఆ కేంద్రంవాడికి నీ పాలే జవాబు చెబుతాయి. బావ దగ్గు తగ్గిందా? దూడ కడుపు నిండాక నువ్వూ ఓ గ్లాసు తాగు, తల్లీ.

నీ అన్నయ్య,
త్రినాథ్