హెడ్‌లైట్లకు పట్టిన మసక

శనివారం, రాత్రి.

చీకటి పడ్డాక కారు నడిపితే రోడ్డు కనిపించడం లేదన్నానని మా ఆయన నాకు తాళాలివ్వడమే మానేశారు. "నీకు భయం సునీతా. కళ్ళు చూపించుకో" అన్నారు. చూపించుకున్నాను. నా కళ్ళకేమీ లేదని డాక్టరు చెప్పినా ఆయన నమ్మలేదు.

ఈరోజు ఆయన కంప్యూటర్లలో వైటూకే తేదీలు సరిచేసే పనంటూ ట్రైన్‌లో రాఫెల్స్ ప్లేస్ ఆఫీసుకు వెళ్ళగానే కార్ పార్కులోకి దిగాను. హెడ్‌లైట్లు పాలు పోసినట్టు మసకబారి ఉన్నాయి. సన్నటి సాండ్ పేపర్ తడిపి రుద్దితే పసుపు నీళ్ళు కారాయి. భుజాలు లాగేదాకా పాలిష్ చేశాక లోపలి బల్బులు తేటగా కనిపించాయి.

సాయంత్రం ఆయన వచ్చాక పాపతో గుడికెళ్ళి, చీకటి పడ్డాక తిరిగొస్తుంటే ఆయనే నడిపారు.

"ఇక్కడ స్ట్రీట్ లైట్లు మార్చినట్టున్నారే! రోడ్డెంత క్లియర్‌గా ఉందో!"

"మారింది మన లైట్లండీ. నేనే రుద్దాను. మీకూ ఇన్నాళ్ళూ కనిపించలేదా?"

"కొంచెం కష్టంగానే ఉండేదిలే. చెప్తే నువ్వు ఇంకా భయపడతావని..."

ఒళ్ళు మండిపోయింది. తనకూ కనిపించడం లేదని తెలిసే నన్ను పిరికిదాన్ని చేశారు! పాపను వెనక కూర్చోబెట్టుకుని ఆ గుడ్డి వెలుతురులోనే తిప్పారు!

కారు పక్కకు ఆపించి, ఆయన్ను పక్క సీట్లోకి మార్చి, బూన్ లేలోని మా ఇంటిదాకా నేనే నడిపాను. దారిలో ఆయన ఏదో సర్దిచెప్పబోయారు.

"రోడ్డు చూడనివ్వండి" అన్నాను.