నీళ్లనుకుని దిగే పిట్టలకు నా బకెట్టు

డెబ్బై మూడేళ్లు బతికి, అందులో యాభై ఏళ్లు బట్టలు కుట్టిన నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిరంగానే ఉంది. సూదిలో దారం ఇప్పటికీ ఒక్కసారికే ఎక్కిస్తున్నాను. అమలు బాధ్యత నా కూతురిది.

1. నా ఇల్లు, కుట్టుమిషను నా తదనంతరం సర్వహక్కులతో కూతురికి చెందాలి. మిషను కాలి కింది చెక్కముక్క తీయకు తల్లీ, ఊగుతుంది.

2. సోలార్ కంపెనీకి లీజుకిచ్చిన ఎనిమిదెకరాలూ కూతురివే. లీజు పొడిగిస్తే ఈ షరతు రాయించాలి: నేలమీద గుడ్లు పెట్టే పిట్టలు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేదాకా ప్యానెళ్ల మధ్య గడ్డి కోయకూడదు. ఇంజనీరు నవ్వుతాడు. నవ్వనీ.

3. అక్కడి కాపలాదారుకు నా శాలువా, టీ ఫ్లాస్కు. మొదటిరోజు దొంగననుకుని తరిమాడు. ఆరేళ్లుగా పొద్దున్నే తనే నాకు గేటు తీస్తున్నాడు.

4. నీలం బకెట్టు, పాత తువ్వాలు నా తమ్ముడికి. ఇది వివరంగా రాయాలి.

వలస వచ్చే నీటిపిట్టలు ప్యానెళ్ల మెరుపు చూసి చెరువనుకుని దిగుతాయి. కాళ్లు తోక దగ్గర ఉండే పిట్టలవి. నీళ్లమీద పరుగెత్తితేనే గాల్లోకి లేస్తాయి, నేలమీద నుంచి ఎగరలేవు. తెలియక మొదటిదాన్ని నేనే పైకి ఎగరేశాను. కిందపడి చచ్చిపోయింది. ఆ పాపం నాదే. అందుకే చెబుతున్నాను, తువ్వాలు కప్పి, బకెట్టులో పెట్టి, నీళ్లదాకా మోసుకెళ్లాలి.

దగ్గర్లో ఉన్న నీళ్లు తమ్ముడి పొలంలో కుంట ఒక్కటే. లీజు సంతకం పెట్టిన రోజు, "నాన్న దున్నిన నేలమీద అద్దాలు పరుస్తావా? ఇక నీతో మాట్లాడను పో" అన్నాడు. తొమ్మిదేళ్లుగా ఆ మాటమీదే ఉన్నాడు. చిన్నప్పుడు ఒక్క పూట కూడా అలిగి ఉండలేకపోయేవాడు!

అనుమతి లేకుండా వాడి పొలంలోకి వెళ్లిన మాట నిజం. మొదటిసారి గేటుకు తాళం ఉంటే కంచె దూరి చీర చింపుకున్నాను. మర్నాడు తాళం లేదు. వారం తిరక్కుండా కుంట గట్టున రాతిమెట్లు వెలిశాయి, నా మోకాళ్లకు సరిపోయే ఎత్తులో.

నా తర్వాత ఆ పిట్టలకు దిక్కెవరన్నదే నా దిగులు. ఒరేయ్ తమ్ముడూ, నన్ను సాగనంపడానికి రాకపోయినా ఏమీ అనుకోను. మర్నాడు పొద్దున్నే మాత్రం ప్యానెళ్ల వరుసలన్నీ ఒకసారి తిరిగి రా. ఆ మెట్లు ఇక నీ మోకాళ్లకూ పనికొస్తాయి.

తేదీ: నవంబరు పద్నాలుగు. ఈ ఉదయం ఒకటి దిగింది, క్షేమంగా కుంట చేరింది.

సంతకం: అక్క

సాక్షులు: దెబ్బతిన్న పిట్టల రెక్కలకు కట్లు కట్టిన పశువుల డాక్టరు, పక్కింటి పోస్టుమాస్టరు.