మిగిలే ఏడాది ఎవరిది

గుణదల, విజయవాడ

నాగూర్‌బీ అక్కకి చెల్లెలు హసీనా సలాములు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, అమ్మ, నాన్న, నాయనమ్మ అందరూ బాగున్నారని తలుస్తాను. నాన్న ఆయాసం ఎలా ఉంది? దూది ఏకే మిషను దగ్గరికి ఆయన్ని పోనివ్వకు. ముక్కుకి గుడ్డ కట్టుకున్నానంటారు, నువ్వు అటు తిరగగానే తీసేస్తారు.

నా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మతో చెప్పు. తింటున్నాను, నిద్రపోతున్నాను. హాస్టల్లో వారానికి నాలుగు రోజులు పప్పుచారే. మొదట్లో ముఖం తిప్పుకునేదాన్ని, ఇప్పుడు రెండోసారి కూడా వడ్డించుకుంటున్నాను. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. మేరీమాత తిరునాళ్ళు అయిపోయాక గుణదల బోసిపోయింది. తిరునాళ్ళకి హాస్టల్ పిల్లలందరం కొండెక్కాం. అంతమంది జనంలో ఒక్క తెలిసిన ముఖమైనా కనిపిస్తుందేమోనని చూస్తూనే ఉన్నాను. హనుమాన్ జంక్షన్‌కి బస్సెక్కితే గంటన్నర కూడా పట్టదు, దానికే బెంగేమిటని నువ్వు నవ్వుతావు. నవ్వుకో. సాయంత్రమైతే మాత్రం మన పరుపుల కొట్టు ముందు లారీల హారన్లు లేక నాకు తోచదు.

ఇంకొక్క పని. ఇక్కడి దిండు రాయి. నాన్న పరుపు గుడ్డ కొనడానికి బెజవాడ వచ్చేటప్పుడు బూరుగు దూదితో ఒక దిండు కుట్టి పంపు. గలీబు నా దగ్గర ఉంది.

ఇక అసలు సంగతి. ఫోన్‌లో చెప్పచ్చు కానీ, మన ఫోను పక్క ఎరువుల కొట్లో ఉంటుంది కదా, నువ్వు మాట్లాడితే సగం సెంటరు వింటుంది. అందుకే రాస్తున్నాను.

మా కాలేజీలో కొత్త పద్ధతి ఒకటి పెట్టారు. బి.కాం. మూడేళ్ళు, ఆ తర్వాత ఎం.కాం. రెండేళ్ళు, మొత్తం అయిదు కదా. మార్కులు బాగా వచ్చినవాళ్ళు మూడో ఏడులోనే కొన్ని ఎం.కాం. పేపర్లు చదివేయచ్చు. అవి రెండు చదువులకీ లెక్కకొస్తాయి. నాలుగేళ్ళకి రెండు పట్టాలూ చేతికొస్తాయి. ఒక్కటే మెలిక. మధ్యలో బి.కాం. పట్టా ఇవ్వరు, ఇస్తే రెండూ కలిపి చివర్లోనే. నా పేరు కూడా పిలిచారక్కా. పిలిచినవాళ్ళని కొన్నాళ్ళు ఎం.కాం. వాళ్ళ క్లాసులో కూర్చుని చూడమన్నారు.

ఆ క్లాసు చూస్తే నీకూ సరదా వేస్తుంది. ఒకావిడ టిఫిన్ క్యారియర్‌తో ఆఫీసు నుంచి నేరుగా వస్తుంది. ఆవిడ కూతురు హైస్కూల్లో ఉందట. ఆవిణ్ణి అక్కా అనాలో, ఆంటీ అనాలో తెలియక 'ఏమండీ' అంటున్నాను. మా క్లాసులో లెక్క సరిపోయిందా లేదా అనే అడుగుతారు. వీళ్ళు సరిపోయిన లెక్కని కూడా వదలరు, ఇందులో ఏం రాయలేదు అని అడుగుతారు. నాకు అదెంత నచ్చిందో చెప్పలేను. బస్సులో కూర్చున్నా, కండక్టరు ఇచ్చిన టికెట్టుకి ధర ఎలా కట్టి ఉంటారా అనే ఆలోచన.

అక్కడ కాస్టింగు చెప్పే శేషగిరిరావు మాస్టారు, మీకు బాగా తెలిసిన వస్తువు ఒకటి తీసుకుని తయారీ ఖర్చు కట్టుకు రమ్మన్నారు. నేను పరుపు రాశాను. దూది, గుడ్డ, దారం, మిషను కరెంటు, ఏకే మనిషి కూలి, అన్నీ వేశాను. మురిసిపోతూ ఇచ్చాను. మాస్టారు చదివి తలెత్తారు.

"కుట్టింది ఎవరమ్మా?"

"మా అక్కండీ."

"మరి ఆవిడ కూలి వెయ్యలేదే?"

"అక్కకి కూలేంటండీ, ఇంట్లో మనిషి కదా."

క్లాసంతా నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "ఆవిడ ఈ పరుపు కుట్టకపోతే ఆ టైములో ఇంకేం చేసుకునేదో, అదేనమ్మా దాని ఖరీదు. నువ్వు చేత్తో ఇవ్వలేదని ఖర్చు కాకుండా పోతుందా?" అన్నారు.

ఏం చేసుకునేదో నాకు తెలుసు కదా. చదువుకునేది. నాన్నకి ఆయాసం వచ్చినప్పుడు నువ్వు ఇంటరు పాసై ఉన్నావు. ముందు చెల్లి డిగ్రీ అవనీ, అది వచ్చి కొట్టు చూసుకుంటుంది, అప్పుడు నేను వెళ్తా అన్నావు. మూడేళ్ళు అనుకున్నాం.

ఇక్కడ అందరూ ఈ కోర్సులో ఏడాది మిగులుతుందని సంబరపడుతున్నారు. నేనూ పడ్డాను. ఆ రోజు నుంచి మాత్రం ఒకటే ప్రశ్న. డెబిట్ లేకుండా క్రెడిట్ ఉండదని మొదటి రోజే చెప్పారు. మరి ఈ ఏడాది నాకు మిగిలితే, ఎవరికి తరిగినట్టు? ఎలా తిప్పి చూసినా అది నీ దగ్గరే తేలుతోంది. నాకు అయిదు నాలుగవుతుంది. నీకు మూడు నాలుగవుతుంది.

దాచుకోను అక్కా, నాకు చదవాలని ఉంది. చాలా ఉంది. సంతకం మాత్రం పెట్టలేదు. వచ్చే సోమవారం దాకా గడువు అడిగాను. నాన్నని అడిగితే సరే అంటారు. ఆయన సరే అన్నాక నువ్వు నోరు విప్పవు. అందుకే నిన్నే ముందు అడుగుతున్నాను. 'నీ ఇష్టం' అని మాత్రం రాయకు. మనింట్లో ఆ మాట అన్నవాళ్ళ ఇష్టం ఎప్పుడూ జరగలేదు. అవునో, కాదో ఒక్క ముక్క నీ చేత్తో రాయి. నాకు తట్టని మూడో దారి ఏదైనా నీకు తడితే అదీ రాయి.

కాదంటే నేను అలగను. మూడో ఏడు ఆఖరి పరీక్ష రాసి, హాలు నుంచి నేరుగా కొట్టుకే వస్తాను. సూది నా చేతిలో పెట్టి నువ్వు అదే బస్సెక్కు. వంకరగా కుడితే తిట్టడానికి నాన్న ఉంటారు.

నాయనమ్మని నా కోసం దువా చెయ్యమను. అమ్మానాన్నలకి నా సలాములు. ఎరువుల కొట్టు బాబాయిగారిని అడిగానని చెప్పు. దిండు కుట్టేటప్పుడు ఎంతసేపు పట్టిందో చూసుకో, ఈసారి లెక్కలో వేస్తాను.

నీ ఏడాది నిన్నే అడుగుతున్న
చెల్లెలు
హసీనా