మెరూన్ గలీబు

మే 5, సోమవారం

ఇరవై మంది ముందు నన్ను పనికిరానివాణ్ణి చేశాడు సేటు. నిన్న, తన ఇంటి హాల్లో. ఆ హాలుకు సినిమా పీసీ కూర్చి, టీవీ కింది అలమరలో పెట్టింది నేను. నలభై నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత బొమ్మ ఆగుతూ, సాగుతూ... మాట ముందు, పెదవులు వెనక. చుట్టాలంతా ఒకటే నవ్వు. నేను తలుపు దగ్గర, చెప్పుల పక్కన.

"అలమర తెరవనియ్యి సేటు, ఒక్కసారి చూస్త—"

"ముట్టకు. ఉన్నది గూడ ఖరాబ్ చేస్తవ్."

సేటు నాగపూర్ అల్లుడు తన ఫోన్ టీవీకి కలిపాడు. నడిచింది. చప్పట్లు. తెరమీద చీకటంతా బూడిద రంగైంది. ఆ తేడా నాకు తప్ప ఒక్కడికీ కనబడలేదు.

నేను వింటుండగానే మా షాపు మాలక్ రాజేశం అన్నకు ఫోన్: "ఏం రాజేశం, గీ పోరనికి ఏమొస్తదని తోలినవ్?"

మే 6

ఇక ఇన్‌స్టాలేషన్‌కు పంపడట. ఫ్రిజ్‌లు మొయ్యాలట.

"నాలుగు దినాలు చుప్ ఉండు రా. అందరు మర్చిపోతరు," అంటాడు రాజేశం అన్న.

వాళ్లు మర్చిపోతారు. నేను? రెండేళ్లు ఫ్రిజ్‌లు మోసి ఈ పనికి వచ్చాను. మొదటి పెద్దిల్లు ఇదే.

మే 7

ఏం తప్పు చేశానో రాసి చూస్తా. తెలుగులో రాస్తే షాపులో ఎవడూ చదవలేడు. నాకూ బడిలో నేర్పలేదు, మాది మరాఠీ బడి. ఆదిలాబాద్ బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నా. పీసీ పనీ అంతే, ఎవడూ నేర్పలేదు.

సినిమాలో సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు. టీవీ సెకనుకు అరవై సార్లు గీస్తుంది. రెండూ కుదరవు. కెమెరా పక్కకు తిరిగితే చాలు, కుదుపు. అందుకే సినిమా మొదలవగానే టీవీ కూడా ఇరవై నాలుగుకు మారేలా పెట్టాను. శబ్దాన్ని పీసీ ముట్టకుండా నేరుగా స్పీకర్ల ఆంప్‌కు వదిలాను. వీడియో విప్పే భారం గ్రాఫిక్స్ చిప్ మీద వేశాను. మూడు సాయంత్రాలు పట్టింది.

ఫ్యాన్ లేని పీసీ కావాలని పట్టుబట్టింది కూడా నేనే. ఈ బొగ్గు గనుల ఊరి గాలికి ఫ్యాన్ పెడితే మూడు నెలల్లో బొగ్గు పొడి పట్టి గురక పెడుతుంది. ఫ్యాన్ లేనిదానికి పైన లోహపు మడతలు ఉంటాయి, పక్కటెముకల్లాగా. వేడంతా అక్కడినుంచే పోవాలి. గాలి ఆడాలని అలమర వెనక పలక కూడా తీయించా. పూర్తి సినిమా మూడుసార్లు నడిపి చూశా. ఒక్కసారీ ఆగలేదు.

మరి ఆదివారం ఏమైంది?

మే 8, గురువారం

షాపు సెలవు. తప్పు దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

అమ్మ కుట్టుమిషన్ మీద మెరూన్ మఖ్మల్, బంగారు లేసు.

"సేటమ్మ కబురు పంపింది కొడుకా. సోఫాలకు, పర్దాలకు అన్నిటికి గిదే రంగుల కుట్టాలెనట. నీ డబ్బకు కుట్టిన గలీబు మస్తు నచ్చిందట."

"నా డబ్బకా?"

"గదే, సినిమా డబ్బకు. శనివారం నేనే పోయి కప్పొచ్చిన. బొగ్గు పడితే నీ పని ఖరాబైతది గద."

మా బాబుపేట్‌లో గలీబు, అదే గుడ్డ తొడుగు, లేని వస్తువు ఉండదు. మా ఇంట్లో టీవీకి, మిక్సీకి, ఆఖరికి కరెంటు మీటరుకూ ఉంది. పోయిన వారం నేను అన్నం తింటుంటే మెడలో టేపుతో అడిగింది, "ఆ డబ్బ పొడుగెంత రా?" తల ఎత్తకుండా చెప్పాను. అంగుళాలతో సహా. ఎందుకని అడగలేదు.

పైన ఏదీ కప్పొద్దని సేటుకు చెప్పా. సేటమ్మకు చెప్పలేదు. సినిమా చూసేది సేటు, దుమ్ము దులిపేది సేటమ్మ.

మే 9

పొద్దున, షాపుకు పోకముందు. నా పాత పీసీ కూడా ఫ్యాన్ లేనిదే. దానిమీద మిగిలిన మఖ్మల్ ముక్క కప్పి సినిమా పెట్టా. వేడి ఎక్కుతోంది... ఎనభై, తొంభై, తొంభై ఆరు డిగ్రీలు. కాలిపోకుండా పీసీ తనంతట తానే వేగం తగ్గించుకుంది. ముప్పై ఎనిమిదో నిమిషంలో కుదుపు. మాట ముందు, పెదవులు వెనక. అచ్చం ఆదివారమే!

గుడ్డ లాగేశా. కాసేపటికి నీళ్లలా సాగింది. నా పని సరైందే. సరైందే! వీధిలోకి పోయి అరవాలనిపించింది.

అమ్మ వచ్చింది. "గట్ల తీసినవేంది? నల్లగైతది." మళ్లీ కప్పింది. లేసు సర్దింది.

పీసీ ఆపి షాపుకు బయల్దేరా.

గలీబు వల్లేనని చెబితే సేటు ఊరుకోడు, తల్లీకొడుకులు కలిసి తన పరువు తీశారంటాడు. పర్దాల పని పోతుంది. అమ్మకు పెద్దింటి పని ఇదే మొదలు. చెప్పకపోతే చేతకానివాడిగా నేను. ఆ అల్లుడికి చప్పట్లు. థూ.

మే 10, శనివారం

రాజేశం అన్నకు చెప్పా.

"ఇడిసిపెట్టు రా. ఒక్క గలీబ్ కోసం సేటమ్మతోని లొల్లి పెట్టుకుంటవా? మీ అమ్మ పని పోతది, నా గిరాకీ పోతది."

"నా పేరు పోయింది గదన్నా."

"నీకేం పేరున్నది రా?" నవ్వుతున్నాడు.

ఆ నవ్వుతో తేలిపోయింది. సేటుకు మెసేజ్ పంపాను. అమ్మకు ఇంకా చెప్పలేదు. పక్క గదిలో మిషన్ చప్పుడు, పర్దాలు కుడుతోంది. సేటుకు తెలుగు మాటే గానీ చదువు రాదు, మరాఠీలో పంపింది ఇక్కడ తెలుగులో రాసి పెట్టుకుంటున్నా —

సేటు, అలమరలో పీసీ మీద ఉన్న గలీబు తీయించు. దాని కింద వేడెక్కే ఆరోజు సినిమా ఆగింది. కొలతలు ఇచ్చింది నేను, ఎందుకని అడక్కుండా ఇచ్చాను. ఆ ఒక్క తప్పు నాది. కుట్టిన మనిషికి ఏమీ తెలియదు, ఆమెను ఒక్క మాట అనొద్దు, ఆమె పని ఆపొద్దు. వచ్చే ఆదివారం ఆ ఇరవై మందినీ మళ్లీ పిలువు. అదే సినిమా, మొదటినుంచి చివరిదాకా. నేను చెప్పుల దగ్గర నిలబడను, అందరితో పాటు కూర్చుంటా. ఒక్కసారి ఆగినా మళ్లీ ఎవరింట్లోనూ వైరు ముట్టను. ఆగకపోతే, ఆరోజు ఎంత గట్టిగా తిట్టావో అంత గట్టిగా చెప్పాలి, పోరడు పని సరిగ్గానే చేశాడని. సోమవారం సాయంత్రం ఆరింటిలోపు నాకు జవాబు కావాలి.