రెండు పేర్ల రెబ్కా

జులై 22, 2001. ఆదివారం
వచ్చే నెల బ్రాడీపేటలో పాస్టర్ల సెమినార్. నా పేపర్ 'సిలువ, రాజ్యాధికారం'. దేవుడు అణగారినవాళ్ల పక్షాన నిలబడతాడని నాలుగు పేజీలు రాశాను. ఇంగ్లిష్ కొటేషన్లు బాగా కుదిరాయి. రాస్తున్నంతసేపూ ఆవులింతలే.

జులై 24
మా సంఘంలో మిరప కోతలకెళ్లే రెబ్కా సర్పంచికి నామినేషన్ వేసింది. సీటు ఎస్సీ మహిళకు. క్రైస్తవులైతే ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు. అందుకే మావాళ్లకు రెండేసి పేర్లు. రేషన్ కార్డులో ఆమె సుబ్బరావమ్మ, హిందువు. రెబ్కా అని పేరు పెట్టి బాప్తిస్మమిచ్చింది నేనే.

జులై 26, ఉదయం
ఊళ్లో మోతుబరి అంకమ్మరావు గారు ఎమ్మార్వోకి అర్జీ పెట్టారు, రెబ్కా క్రిస్టియన్ అని. ఆయన తన పాలేరు భార్యను నిలబెట్టారు. ఆవిడ గెలిస్తే కుర్చీ ఆయనదే. రెబ్కా గెలిస్తే మా పల్లెలోకి మంచినీళ్ల పైపు వస్తుంది.

సాయంత్రం
రెబ్కాను పిలిచి, రేపు విచారణలో ఎమ్మార్వో అడిగితే హిందువునని చెప్పమన్నాను. అన్యాయమైన చట్టం ముందు నిజం చెప్పాల్సిన పని లేదన్నాను. కాస్త ఫిలాసఫీ కూడా చెప్పాను. అర్థమైందా అంటే, మీరు చదువుకున్నోళ్లు అయ్యగారూ అంది.

జులై 27
పర్చూరు, ఎమ్మార్వో ఆఫీసు. ముందు నన్ను పిలిచారు. ఈమె మీ సంఘ సభ్యురాలా అన్నారు. కాదన్నాను. రాసిమ్మన్నారు. రాసి, సంతకం పెట్టి, చర్చి స్టాంపు కూడా వేశాను.

తర్వాత ఆమె వంతు. నీ మతమేంటమ్మా అంటే, ఏసయ్య బిడ్డనండి, నన్ను రెబ్కా అంటారు అంది. వాళ్లు నా కాగితం చదివి వినిపించారు. అయ్యగారు నా మీద జాలితో రాశారండి, ఆయన్నేం అనకండి అంది.

నామినేషన్ కొట్టేశారు.

బస్సులో ఎందుకలా చెప్పావని అడిగాను. మీరు చెప్పమన్నట్టే చెబుదామనుకున్నా, నోరు రాలేదు అయ్యగారూ అంది. నీళ్ల పైపు పోయిందని పర్చూరు నుంచి మా ఊరిదాకా ఏడుస్తూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు. సిగ్గుపడాలని మాత్రం తెలుసు.

జులై 30
మా ఆవిడ హెలెన్ మూడు రోజుల తర్వాత మాట్లాడింది. ఆ సెమినార్‌కి వెళ్తారా అంది.

ఆగస్టు 5, ఆదివారం
చర్చిలో ప్రభు బల్ల, ఏసయ్య శరీరమని రొట్టె పంచుకునే రోజు. రొట్టె పంచే పని సంఘపెద్ద జక్రయ్య గారికి అప్పగించి వెనక చాప మీద కూర్చున్నాను. ఏమీ తీసుకోలేదు. రెబ్కా తన ముక్క విరిచి సగం తెచ్చి నా చేతిలో పెట్టింది. తినండి అయ్యగారూ అంది.

తిన్నాను.