అమ్మ నవ్విన ఫొటో

తమ్మీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు సొంతంగా చేసిన కెమెరాతో ఇబ్రహీంపట్నం ఇంటి ముందు అమ్మను తీసిన ఫొటో ఇన్నాళ్లూ ఏ కంప్యూటర్‌లోనూ తెరుచుకోలేదు. ఆ ఫైల్లో ఒక్కో చుక్క రంగు చెప్పే అంకెలు తప్ప, బొమ్మ వెడల్పు ఎంతో కూడా లేదు. ఆదిభట్ల ఆఫీసుకు సెలవు పెట్టి, అంకెల్ని బొమ్మగా మార్చడానికి నువ్వు స్మాల్‌టాక్ భాషలో సగం రాసి వదిలిన ప్రోగ్రాం నేనే పూర్తి చేసి, ఆ అంకెలు దానికిచ్చాను. మొదట ఏటవాలు చారలే వచ్చాయి. వెడల్పు మారుస్తూ పోతే, చివరికి అమ్మ కనిపించింది, నోరారా నవ్వుతూ.

అమ్మను పిలిస్తే వచ్చి, తెర దగ్గరికి వంగి చూసింది.

"గిండ్ల వాడేడి బిడ్డా?"

"తీసింది వాడే కదమ్మా, ఎట్ల కనిపిస్తడు?"

"అవ్. వాన్ని చూసే గట్ల నవ్విన."

కంప్యూటర్ ఆపబోతే నా చెయ్యి పట్టుకుంది. ఇంకా ఆపలేదురా.

నీ అక్క