కోడి చుక్కలు, కౌజుపిట్ట చుక్కలు

బుధవారం, మళ్లీ తెలంగాణ బంద్

బస్సులు లేక ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎండలో నడిచి ప్రసాద్ గదికి వెళితే, ఆ గుంటూరు మహానుభావుడి నిర్వాకం ఇదీ! మా ఇద్దరి ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు కోడి, కౌజుపిట్టల క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి, పొడవును బట్టి జతలుగా అట్ట మీద అంటించాలి. ఒక్క మూలం నుంచి వచ్చిన ఈ రెండు పిట్టలూ ఎంత దూరం విడిపోయాయో వాటిని పోల్చి తేల్చాలి. పెద్దవాటిని ముచ్చటగా అంటించాడు. చుక్కల్లాంటి చిన్నవాటన్నింటినీ కత్తిరించి చెత్తబుట్టలో పడేశాడు.

"దుమ్ము మరకలనుకున్నానండీ," అన్నాడు.

"దుమ్మా? పిట్టలకు సగానికన్న ఎక్కువ గవే ఉంటయ్. మీకు చిన్నోళ్లు ఎన్నడన్న కనబడ్డరా?"

"క్రోమోజోములకి కూడా ప్రాంతం అంటగడతారా?" అంటూ తలుపు వేసుకున్నాడు.

కోపం కొద్దీ, గుమ్మం బయటున్న ఆ చెత్తబుట్టతో సహా చుక్కలను ఇంటికి తెచ్చాను. సాయంత్రం నుంచి ఆ చుక్కలను నేలమీద పరుచుకుని వేరు చేస్తూ కూర్చున్నాను. ఏవి కోడివో, ఏవి కౌజుపిట్టవో నాకే తెలియడం లేదు. పక్కపక్కన పెడితే అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

ఈ మాట మాత్రం చచ్చినా ప్రసాద్‌కు చెప్పను.